మొక్కకు డబ్బిస్తే అడవి వస్తుందా?

సొంత భూమిలో చెట్లు నాటుకునేవాడికి ప్రభుత్వం డబ్బెందుకివ్వాలి? అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పైన్ అడవుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న లేస్తుంది. ఇవ్వాలనే నా అభిప్రాయం. అయితే దేనికిస్తున్నామో తేల్చుకుని ఇవ్వాలి.

వర్జీనియా నుంచి టెక్సాస్ దాకా ఒకప్పుడు లాంగ్‌లీఫ్ పైన్ అడవులు సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఉండేవి. ఓడలకు తారూ, ఇళ్ళకు కలపా ఇచ్చి ఇచ్చి, 1990ల నాటికి 30 లక్షల ఎకరాలకు కాస్త అటూ ఇటూగా మిగిలాయి. అక్కడి అటవీభూమిలో అత్యధికభాగం ప్రైవేటు యజమానులదే. కనుక ప్రభుత్వం తన నేలలో ఎంత నాటినా చాలదు. యజమాని మనసు మారాలి.

అందుకు ప్రయత్నాలు జరగకపోలేదు. 1985 నాటి వ్యవసాయ చట్టం కింద, మట్టి కొట్టుకుపోతున్న పొలాలను సాగు నుంచి తప్పించి చెట్లు పెంచిన రైతుకు, నాటే ఖర్చులో కొంతా, పది పదిహేనేళ్ళపాటు ఏటా కౌలూ ఇస్తూ వచ్చారు. మట్టి నిలిచింది, ఆ మేలు కాదనలేనిది. కానీ మొదట్లో నాటినవి ఎక్కువగా త్వరగా ఎదిగే లాబ్లాలీ, స్లాష్ పైన్‌లు. వరసలు తీర్చి నిలబెట్టిన ఆ చెట్లను అడవి అనడం కంటే చెట్ల పొలం అనడం సబబు. లాంగ్‌లీఫ్‌కు ప్రత్యేక స్థానం దక్కింది 1998లో. దానికోసమే ఒక విభాగం ఏర్పడింది 2006లో.

యజమాని లెక్క యజమానిది. లాబ్లాలీ పదిహేనేళ్ళకే కాగితపు గుజ్జుకు పనికొస్తుంది. లాంగ్‌లీఫ్ మొక్క తొలి కొన్నేళ్ళూ గడ్డిదుబ్బులా నేలనంటుకుని, వేరు మాత్రం లోతుకు దించుకుంటుంది. ఆపైన రెండు మూడేళ్ళకొకసారి అదుపులో నిప్పు పెడుతూ ఉంటేనే దాని అడవి అడవిగా నిలుస్తుంది. ఒప్పందం ముగిసేనాటికి ఆ చెట్టుకింకా బాల్యమే తీరదు. నిప్పుకు సాయమందించే పథకాలు లేకపోలేదు గానీ, మన మెచ్చుకోలంతా నాటిన మొక్కల లెక్కకే.

డబ్బొక్కటే మందు కాదనడానికి వడ్రంగిపిట్ట కథ సాక్ష్యం. ముసలి పైన్‌లలో గూడు తొలిచే ఎర్రపింఛపు వడ్రంగిపిట్ట తమ నేలలో వాలితే ఆంక్షలొస్తాయని భయపడి, కొందరు యజమానులు చెట్లు ముదరకముందే నరికేశారు. 1995లో నార్త్ కరోలినాలో ఒక హామీ ఇచ్చారు: పిట్టలు ఇప్పుడున్నవాటికంటే పెరిగితే, ఆ పెరిగిన మేరకు కొత్త ఆంక్షలుండవని. ఆ మాట నమ్మి యజమానులు ముందుకొచ్చారు. 2024లో ఆ పిట్టకు ముప్పు స్థాయి ఒక మెట్టు తగ్గించారు. ఆ ఘనత ఈ హామీ ఒక్కదానిదే కాదు, కానీ దాని వాటా చిన్నది కాదు.

ఎలాగూ నాటేవాడికి ప్రజల పన్నులు దోచిపెట్టడమేగా అంటారు కొందరు. లాబ్లాలీ విషయంలో ఆ వాదనలో బలముంది. అందరూ ఒక్కసారే నాటి ఒక్కసారే కోతకు వస్తే ధర ఏమవుతుందో, సుబాబుల్ వేసిన మన కృష్ణా, ప్రకాశం రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా 2025లో జార్జియాలోని సవానా, రైస్‌బరో కాగితపు మిల్లులే మూతపడ్డాయి.

బజారు కొనేదానికి బజారే డబ్బిస్తుంది. బజారు కొననివి నిప్పూ, నీడా, పిట్టా, ముప్ఫయ్యేళ్ళ ఓపికా. ప్రజాధనం వెళ్ళవలసింది వాటికి.