పిల్లి గీరితే తప్పెవరిది?

కొత్త సోఫా కొని నెల తిరక్కుండానే దాని చేతుల మీది గుడ్డ పీలికలై వేలాడుతుంది. జానిమాజ్ అంచున దారాలు లేచిపోతాయి. పిల్లిని పెంచుకునే ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు. అప్పుడు వినిపించే మాట కూడా కొత్తది కాదు: "గోనెసంచిలో వేసి ఎక్కడైనా దూరంగా వదిలేసి రండి!"

మా ఇంట్లోనూ ఈ మాట వచ్చింది. సంచి కూడా తెచ్చాం. మూతి కట్టబోతుంటే అమ్మీజాన్ అడ్డుకున్నారు. "అది చేసిన తప్పేమిటి?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేకపోయింది.

నిజానికి పిల్లి గీరడం పొగరూ కాదు, పగా కాదు. గోటి మీద పాతబడిన పొర ఊడి, లోపలి కొత్త గోరు బయటపడాలంటే అది గీరాల్సిందే. నిద్ర లేవగానే ఒళ్లు సాగదీసుకోవడానికి గీరుతుంది. పాదాల్లోని గ్రంథుల వాసన వదిలి, "ఇది నా చోటు" అని గుర్తు పెట్టుకోవడానికి గీరుతుంది. సృష్టికర్త దాని స్వభావంలో ఉంచిన గుణమిది. కొడితే మానదు. మనల్ని చూసి భయపడి, మనం లేనప్పుడు గీరుతుంది.

పిల్లిని బంధించి, తిండి పెట్టక, తిరిగి తినేందుకు వదలక చంపిన స్త్రీ నరకం పాలైందన్న హదీసు మనందరికీ తెలిసిందే. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఇది ఉంది. "మేం బంధించడం లేదు కదా, వదిలేస్తున్నాం కదా" అని కొందరు అంటారు. కానీ పుట్టినప్పటి నుంచి మన చేతి పాలకు అలవాటు పడిన ప్రాణిని తెలియని వీధిలో, కుక్కల మధ్య విడిచిరావడం ఏ రకమైన విడుదల? పెంచుకున్న ప్రాణి మన చేతిలోని అమానత్. పెంచలేకపోతే, దాన్ని ప్రేమగా చూసుకునే మరో ఇల్లు వెతకడం మన బాధ్యత.

కొన్ని దేశాల్లో సోఫాల కోసం పిల్లి గోళ్లే తీయించేస్తుంటారు. అది గోళ్లు కత్తిరించడం కాదు, ప్రతి వేలి చివరి ఎముకనూ కోసివేయడం. బ్రిటన్ తదితర దేశాలు దీన్ని నిషేధించాయి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 2019లో నిషేధించింది. జంతువుల అవయవాలు కోసేవారిని దైవప్రవక్త (స) శపించినట్లు హజ్రత్ ఇబ్నె ఉమర్ (ర) ఏనాడో ఉల్లేఖించారు.

మరి సామాన్లు పాడవుతుంటే చూస్తూ ఊరుకోవాలా? అక్కర్లేదు. ఖర్చు లేని ఉపాయం ఉంది. పాత మంచం కోడు లాంటి మూడడుగుల కొయ్యకు కొబ్బరి తాడు బిగించి చుట్టి, కదలకుండా నిలబెట్టాలి. పిల్లి నిలువునా సాగి గీరడానికి ఆ ఎత్తు కావాలి. దాన్ని మూలన పడేయకుండా, పిల్లి గీరుతున్న సోఫా పక్కనే ఉంచాలి. అక్కడ గీరినప్పుడల్లా చిన్న చేప ముక్క పెట్టాలి. అలవాటు పడేదాకా సోఫాకు మందపాటి దుప్పటి కప్పాలి. రెండు మూడు వారాలకోసారి గోళ్ల కొనలు మాత్రం కత్తిరించాలి. లోపలి గులాబీ రంగు భాగం తగిలితే నెత్తురు వస్తుంది, జాగ్రత్త. పిల్లలకు గీరుకుంటే వెంటనే సబ్బు, ధారగా పడే నీళ్లతో బాగా కడిగి డాక్టరుకు చూపించాలి. రేబిస్ విషయంలో అశ్రద్ధ పనికిరాదు.

"నమాజు చేసే చోట పిల్లి ఏమిటి?" అనేవారూ ఉన్నారు. హజ్రత్ అబూ ఖతాదా (ర) తన వుజూ నీళ్ల పాత్రను పిల్లి తాగడానికి వీలుగా వంచి పట్టుకున్నారు. అది అశుద్ధం కాదనీ, మన చుట్టూ తిరిగే ప్రాణుల్లో ఒకటనీ ప్రవక్త (స) చెప్పినట్లు వివరించారు. లేచిన దారాల వల్ల నమాజు చెడదు. నమాజు అయ్యాక జానిమాజ్‌ను మడిచి అలమారాలో పెట్టుకోవడం మన పని, పిల్లి పని కాదు.

మా ఇంట్లో ఆ గోనెసంచి వృథా పోలేదు. దాన్నే కొయ్యకు చుట్టి, పైన తాడు బిగించాం. సోఫా చేతి మీది పాత చిరుగులు అలాగే ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా ఆ రోజు మేం చేయబోయిన పని గుర్తొస్తుంది. నోరులేని జీవుల పట్ల దయ చూపే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.