గ్యాస్ ఉండగా కర్రలెందుకని అడిగిన రేంజి అధికారి గారికి

అయ్యా,

మొన్న సంతరోజు మా ఊరి ఆడవాళ్ళు కొండ దిగుతుంటే మీ సిబ్బంది దారికడ్డంగా జీపు నిలిపి, నెత్తి మీది మోపులు దింపించి, చేతుల్లోని కత్తులు లాక్కున్నారు. మోపుల్లో ఉన్నవి ఎండు పుల్లలు. గాలికి విరిగి పడ్డ కొమ్మలు, చచ్చిన మోళ్ళ నుంచి విరిచి తెచ్చినవి. పచ్చి కర్ర ఒక్కటీ లేదని మీ గార్డే విరిచి చూసి చెప్పాడు. అయినా మోపులు జీపెక్కాయి. మా పిన్ని చేతులు జోడించి అడిగితే, జీపు దిగకుండానే మీరన్న మాట: "ఇంటింటికీ గ్యాస్ ఇచ్చారు కదా, ఇంకా కర్రలెందుకు?"

ఆమె అక్కడ ఏమీ చెప్పలేకపోయింది. నేను ఈ ఊళ్ళోనే పుట్టి, ఇక్కడి బడిలోనే పాఠాలు చెబుతున్నదాన్ని. ఆమె బదులు నేను చెబుతాను.

గ్యాస్ అన్నం ఉడికిస్తుంది, చలి కాయదు. చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 5 డిగ్రీలని నమోదైన రోజు పేపర్లో ఫొటో వేస్తారు, టూరిస్టులు కార్లేసుకుని వస్తారు. ఆ 5 డిగ్రీల్లో మేం మట్టిగోడల ఇళ్ళలో పడుకుంటాం. పొయ్యి ఆరితే ఇల్లు ఆరినట్టే. బాలింత పడుకునేది దాని పక్కనే, ముసలమ్మ కూర్చునేది దాని ముందే. పసిపిల్లకు నీళ్ళు కాగేది, తెల్లారకముందు చోడి అంబలి ఉడికేది అక్కడే. పై అటక మీద మొక్కజొన్న పొత్తులు, వచ్చే ఏటి విత్తనాలు ఆ పొగకే పురుగు పట్టకుండా నిలుస్తాయి. ఈ పనులన్నీ సిలిండరు చేస్తుందేమో చెప్పండి. పైగా గడ్డకట్టే చలిలో సిలిండరులోని ద్రవం గ్యాసుగా మారడమే మందగించి, అడుగుకొచ్చేసరికి మంట నీరసిస్తుంది. దీపం పథకంలో ఏడాదికి 3 సిలిండర్లు ఉచితమంటే సంతోషించాం. కానీ డబ్బు ముందు మేం కట్టాలి, తరవాత బ్యాంకులో పడుతుంది. బండి తారురోడ్డు దాకానే వస్తుంది. అక్కణ్ణుంచి మా గడప దాకా ఆ బరువు ఎవరి భుజం మీద వస్తుందో ఎప్పుడైనా చూశారా?

మీకు తెలియదనుకుంటున్న సంగతి ఇంకొకటుంది, అసలు ఈ ఉత్తరం దానికోసమే. మీరు పట్టుకుపోయినవి ఎండు పుల్లలు. మంచు ముదరకముందు మా ఆడవాళ్ళు వాటిని ఏరి తెచ్చి చూరు కింద, అటక మీద పేర్చుకుంటారు. పుష్యమాసం వచ్చాక అడవిలో ఎండుపుల్ల కూడా పొగమంచుకు నానిపోతుంది. ఆ నిల్వ లేకపోతే ఇక పచ్చి కర్రే గతి. అప్పుడే కొట్టిన పచ్చి కర్రలో బరువులో సగం దాకా నీరే ఉంటుంది. అది పొయ్యిలో పెడితే నిప్పు వేడంతా ముందు ఆ నీటిని ఆవిరి చెయ్యడానికే పోతుంది. మంట లేవదు. చివర్ల నుంచి నురగ కారుతూ కర్ర సుయ్యిమంటుంది. ఊదుగొట్టం పట్టుకుని మా అమ్మలు కళ్ళు ఎర్రబడేదాకా ఊదుతారు. తలుపు తెరిస్తే చలి, మూస్తే పొగ. చివరికి తలుపే మూస్తారు. ఇంట్లో వంట పొగ వల్ల 2020లో లోకం మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ లెక్కలోకి వచ్చేవాళ్ళలో ఇలా తలుపు మూసుకుని ఊదుతున్న ఆడవాళ్ళూ, వాళ్ళ ఒళ్ళో పిల్లలూ ఉన్నారు.

పొగ భరించలేనివాళ్ళు కుంపట్లో నిప్పులు పోసి పడకింట్లో పెట్టుకుంటారు. ఇది ఇంకా ప్రమాదం. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. మా బడి పిల్లలకు ఈ మాట ప్రతి శీతకాలం చెబుతాను. కిటికీ ఓరగా తీసి పెట్టండంటాను. ఎండు కర్ర ఇంట్లో ఉంటే ఈ కుంపటి అవసరమే ఉండదు కదా!

మీ చర్య వల్ల అడవికి మేలు జరిగిందా అంటే అదీ లేదు. ఎండుపుల్ల తెస్తేనే కత్తి పోయిందని భయపడ్డవాళ్ళు ఇప్పుడు చీకటితో వెళ్ళి, దగ్గర్లో దొరికిన పచ్చి కొమ్మ నరుక్కొస్తున్నారు. ఎవరు నేర్పారు వాళ్ళకీ పని?

మోపులు పట్టుకున్న ఆ రాత్రే, కింద లోయలో టూరిస్టుల గుడారాల దగ్గర నెగళ్ళు వెలిగాయి. తెల్లవార్లూ దుంగలకు దుంగలే కాలాయి. మా పిన్ని మోపులో మణికట్టు కంటే లావు పుల్ల లేదు. ఆ దుంగలు ఎక్కడివి? ఏ రసీదు మీద వచ్చాయి? జీపు ఆ దారిన ఎందుకు వెళ్ళలేదు? చలి కాచుకోవడానికి డబ్బిచ్చి వచ్చినవాళ్ళకొక న్యాయం, చలిలోనే బతికేవాళ్ళకొక న్యాయమా?

2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చిట్టిపొదల పుల్లల్నీ, చెట్ల మోళ్ళనూ పేరు పెట్టి మరీ చేర్చింది. వాటిని సేకరించుకుని వాడుకునే హక్కు మాదంది. మీ బల్ల మీద ఆ పుస్తకం ఉండే ఉంటుంది.  

పొయ్యి మానెయ్యమనే ముందు పొయ్యిని బాగు చేసిన చరిత్ర కూడా మనకుంది. 1950ల్లోనే హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు గారు పొగగొట్టమున్న పొయ్యి తయారుచేశారు. 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల పథకం పెట్టింది, 2002లో ఆపేసింది. గొట్టంలో మసి పేరుకుంటే దులపాలని చెప్పేవాళ్ళు, పగిలితే మార్చేవాళ్ళు లేక చాలాచోట్ల ఆ పొయ్యిలు మూలపడ్డాయి. ఇప్పుడైనా ఎవరైనా వచ్చి మా ఇళ్ళు చూసి, ఏ గోడకు గొట్టం పెట్టాలో మా ఆడవాళ్ళనే అడిగితే ఎంత బాగుంటుంది?

అయ్యా, మీరు చెడ్డవారని నేననను. బదిలీ మీద వచ్చారు, మా చలి మీకు కొత్త. ఒక్కసారి జీపు దిగి, తెల్లవారుజామున మా ఊరికి రండి. పొయ్యి దగ్గర కూర్చుని మా ఆడవాళ్ళు చెప్పేది వినండి. అంతకన్నా ముందు, ఆ కత్తులు తిరిగిచ్చెయ్యండి. ఎండుపుల్ల జోలికి రావద్దని మీవాళ్ళకు చెప్పండి. ఇంకా చలి ముందుంది.

ఇట్లు,
మన్యంలో ఒక బడి పంతులమ్మ