చీకటి సముద్రంలో వెలుగే ఆయుధం.. గనుల తవ్వకంతో ఆ చేపలకు ముప్పేనా?

వానాకాలం రాత్రుళ్లు మిణుక్కుమనే మిణుగురులు వనపర్తి జిల్లా కొత్తకోట జనానికి కొత్తేం కాదు. అలాంటి వెలుగే సముద్రం లోతుల్లో చేపల చావుబతుకులను తేలుస్తోంది. మనిషి కన్ను ఇప్పుడు ఆ లోతుల మీదే పడింది.

కేంద్రం 2021లో రూ.4,077 కోట్లతో డీప్ ఓషన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే ‘మత్స్య-6000’ ఇందులో భాగమే. నికెల్, కోబాల్ట్, రాగి ఉన్న ఖనిజపు ముద్దల కోసం హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్లలో అన్వేషణ హక్కు భారత్‌కు ఉంది.

చేపకు లైటు ఎందుకు?

200 మీటర్లు దాటితే వెలుతురు బాగా తగ్గిపోతుంది. 1,000 మీటర్ల కింద సూర్యకాంతి అసలే ఉండదు. అక్కడ ఒక్కో చేపది ఒక్కో ఎత్తు.

* లాంతరు చేప: కింద పొంచి ఉన్న శత్రువుకు పైన ఈదే చేప నీడలా కనిపిస్తుంది. అందుకే ఇది పొట్ట కింద, పై నుంచి వచ్చే వెలుతురుకు సరిపడా కాంతి వదులుతుంది. అంతే.. నీడ మాయం!

* యాంగ్లర్ చేప: ఆడచేప తల మీద గాలం లాంటి కాడ ఉంటుంది. దాని కొసన బ్యాక్టీరియా వెలుగుతుంది. ఆశపడి దగ్గరికొచ్చిన చేప నోట్లో పడ్డట్టే.

* డ్రాగన్ చేప: లోతు చేపల్లో చాలావాటికి ఎరుపు కనిపించదు. కొన్ని డ్రాగన్ చేపలు ఎర్ర కాంతి వదిలి, ఎదుటి చేపకు తెలియకుండానే వేటాడతాయి.

లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసినప్పుడు ఈ వెలుగు పుడుతుంది. వేడి దాదాపు ఉండదు. కాలిఫోర్నియా తీరంలో 4,000 మీటర్ల లోతు వరకు చూస్తే, నీళ్లలో కనిపించిన జీవుల్లో 76 శాతం వెలుగు ఇవ్వగలవేనని 2017లో ఒక అధ్యయనం తేల్చింది.

అసలు భయం ఎక్కడ?

ఈ ఎత్తులన్నీ నీళ్లు తేటగా ఉంటేనే పారతాయి. ఖనిజాన్ని ఓడ మీదికి తోడాక మిగిలిన బురద నీళ్లను మళ్లీ సముద్రంలోకే వదలాలి. ఆ మడ్డి కమ్మితే మసక వెలుగులు కనిపించవని శాస్త్రవేత్తల ఆందోళన. ఎర దొరకదు, జత దొరకదు. రాత్రుళ్లు పైకొచ్చే లాంతరు చేపలు ట్యూనాకు మేత. అవి తగ్గితే ఆ దెబ్బ విశాఖలో ట్యూనా పట్టే జాలరి దాకా రావచ్చు.

తవ్వకం నిబంధనలు 2025 జులైలో జమైకాలో జరిగిన అంతర్జాతీయ సమావేశాల్లోనూ కొలిక్కి రాలేదు. బురద నీళ్లను ఏ లోతులో వదలాలన్నది అందులో తేలాల్సిన కీలక అంశం. ఈ చేపల బతుకు దాని మీదే ఆధారపడి ఉంది.