చావు కబురుతో తీరిపోని బాధ్యత

ఆసుపత్రిలో మనిషి పోయాక కుటుంబం చేతికి వచ్చేది ఒక కాగితం. ఆ ప్రాణాన్ని నిలబెట్టడానికి రాత్రంతా పెనుగులాడిన నర్సుకు దక్కేది మరో మంచం, మరో రోగి. అయినవాళ్లను పోగొట్టుకున్నవారిని పట్టించుకునే ఖాయమైన ఏర్పాటు మన ప్రభుత్వ వైద్యంలో లేదు. చావును రోజూ దగ్గర నుంచి చూసే సిబ్బంది మనసు చెదరకుండా కాపాడే ఆసరా అంతకన్నా లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో నిరుపేదలు ప్రాణం మీదికి వచ్చాకే ఆసుపత్రి గడప తొక్కుతారు. వారి పట్ల, వారికి సేవ చేసేవారి పట్ల వైద్యారోగ్య శాఖ బాధ్యత మరణ ధ్రువీకరణతో తీరిపోదు. తీరిపోయినట్టు నడుచుకోవడం తప్పు. ఆ తప్పు దశాబ్దాలుగా సాగుతోంది.

వార్డులో ఒక మరణం తర్వాత ఏం జరుగుతుందో చూడండి. డాక్టరు ఈసీజీ తీయించి, గీత చదునుగా ఉందని నిర్ధారించుకుని కేస్ షీటులో సమయం రాస్తారు. స్టాఫ్ నర్సు సెలైన్ గొట్టం తీసేస్తుంది, కళ్లు మూస్తుంది, ముక్కులో దూది పెడుతుంది, దవడ వేలాడకుండా గాజుగుడ్డతో కడుతుంది, కాళ్ల బొటనవేళ్లు కలిపి ముడి వేస్తుంది. పేరు రాసిన చీటీ అంటించి తెల్లదుప్పటి కప్పుతుంది. తెర అవతలి మంచం మీద రోగికి ఇంజెక్షన్ వేళ అప్పటికే దాటిపోయి ఉంటుంది. చేతులు కడుక్కుని అటు నడుస్తుంది. వరండాలో పోయినవారి భార్యో, కొడుకో గోడకు ఆనుకుని కూలబడి ఉంటారు. వాళ్ల పక్కన ఐదు నిమిషాలు కూర్చోవడం ఆ వార్డులో ఎవరి డ్యూటీ చార్టులోనూ ఉండదు.

పోలీసు కేసైతే బాధ ఇంకా పెరుగుతుంది. పంచనామా, పోస్టుమార్టం పూర్తయ్యేదాకా శవం ఇవ్వరు. సౌకర్యాలున్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయవచ్చని కేంద్రం 2021 నవంబరులో అనుమతించింది. అయితే హత్య, ఆత్మహత్య వంటి కేసులకు ఆ వెసులుబాటు వర్తించదు. అప్పుల బాధతో పురుగుమందు తాగి పోయిన రైతు కుటుంబం తెల్లారేదాకా శవాల గది బయట కాచుకోవాల్సిందే. చట్టం కోరే జాగ్రత్తను తప్పుపట్టడం లేదు. ఆ రాత్రి వారికి కూర్చోవడానికి ఒక గది, తాగడానికి నీళ్లు, ఏం జరుగుతోందో చెప్పే ఒక మనిషి ఉండాలని చట్టం ఎక్కడా వద్దనలేదు.

ఈ నిర్లక్ష్యం ఎక్కడికి దారితీస్తుందో ఉమ్మడి చిత్తూరు జిల్లాకు తెలుసు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ పీడనం పడిపోయి 11 మంది కొవిడ్ రోగులు మరణించారు. తమిళనాడు నుంచి రావాల్సిన ట్యాంకరు ఆలస్యమైంది. కడుపుమంటతో బంధువులు ఐసీయూలో సామగ్రిని ధ్వంసం చేశారు. సిబ్బంది ప్రాణభయంతో బయటకు పరుగెత్తారు. పరిహారం, విచారణ అవసరమే. కానీ ఆ రాత్రిని మనసులో మోస్తున్న కుటుంబాలకూ, ఆ వార్డులో నిలబడిన నర్సులకూ తర్వాతి నెలల్లో కావలసిన ఊరట ఏ చెక్కు ఇవ్వగలదు? మరుసటి ఏడు, 2022 ఏప్రిల్‌లో, అదే ఆసుపత్రిలో కొడుకును పోగొట్టుకున్న తండ్రిని ప్రైవేటు అంబులెన్సులవాళ్లు వేలల్లో అడిగారు. బయటి నుంచి వచ్చిన బండినీ అడ్డుకున్నారు. ఆ తండ్రి బిడ్డ శవాన్ని మోటారు సైకిలు మీద దాదాపు 90 కిలోమీటర్లు తీసుకెళ్లాడు. రాష్ట్రమంతా తలదించుకుంది. ఈ దళారుల దోపిడీ ఒక ఆసుపత్రిలో బయటపడింది కాబట్టి ఆ ఒక్కచోటే ఉందనుకుంటే మనల్ని మనం మోసగించుకున్నట్టే.

వైద్య సిబ్బందిపై దాడులను శిక్షించే చట్టం ఈ రాష్ట్రంలో 2008లోనే వచ్చింది. దాడి చేసినవారిని శిక్షించాలి, అందులో రెండో మాట లేదు. అయితే ఆ చెయ్యి లేవకముందు గడిచే ఘడియలను పట్టించుకున్నవారు లేరు. చావు కబురు ఎవరు చెప్పాలి, ఎక్కడ చెప్పాలి, ఏ మాటలతో చెప్పాలి అనే శిక్షణ లేకుండా హౌస్ సర్జన్లను, జూనియర్ డాక్టర్లను గుంపు ముందుకు తోస్తున్నారు. మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న కుప్పంలో తెలుగుతోపాటు తమిళం, కన్నడం మాట్లాడే కుటుంబాలు వస్తాయి. మదనపల్లె, పుంగనూరులో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు ఎందరో. తల్లి పోయిందన్న కబురును మనిషి తన ఇంటి భాషలో వినాలి. వరండాలో నిలబెట్టి, సగం ఇంగ్లీషులో, పరుగుమీద చెప్పే మాట గుండెకోతను కోపంగా మారుస్తుంది.

దుఃఖాన్ని పంచుకోవడం మన సమాజానికి కొత్త కాదు. మూడోనాడు పాలు పోయడం, పెద్దకర్మ, ముస్లిం ఇళ్లలో జియారత్, క్రైస్తవుల ఆదరణ కూడిక అన్నీ ఒంటరైన మనిషి చుట్టూ నలుగురిని చేర్చేవే. దినాలు అయిపోయాక పరామర్శకు వచ్చే అడుగులు ఆగిపోతాయి. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. పాసుపుస్తకంలో పేరు మార్పు, బ్యాంకు ఖాతా, వితంతు పింఛను, గుమ్మంలో అప్పులవాళ్లు, బడి మానేసే పిల్లలు. కొన్ని దుఃఖాలకు ఆ నలుగురూ కూడా రారు. పురిట్లో పోయిన బిడ్డకు దినాలు లేవు, ఆ తల్లికి పరామర్శా లేదు. ఆత్మహత్య జరిగిన ఇంటికి ఊరు మొహం చాటేస్తుంది. ఆరు నెలలు దాటినా మనిషిని కదలనివ్వని దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన తాజా వ్యాధుల వర్గీకరణలో చికిత్స అవసరమైన స్థితిగా గుర్తించింది. మన ఆరోగ్య కేంద్రాల రిజిస్టరులో దానికి ఒక గడి కూడా కేటాయించలేదు.

ఇక సిబ్బంది సంగతి. ఊళ్లో నిండుచూలాలిని ఆసుపత్రికి వెంటబెట్టుకెళ్లిన ఆశా కార్యకర్త ఒక్కోసారి శవం వెంట తిరిగిరావాల్సి వస్తుంది. ఆమెది ఆ ఊరే. ప్రశ్నలన్నీ ఆమెకే. మాతృమరణం జరిగితే కారణాలు నమోదు చేసే సమీక్ష తప్పనిసరి. అది అవసరమే, అది మరో తల్లిని కాపాడుతుంది. ఆ సమీక్షలో సంజాయిషీ చెప్పుకున్న ఆశాను ‘నువ్వు ఎలా ఉన్నావమ్మా’ అని అడిగే గడి ఆ ఫారంలో లేదు. మర్నాడు ఆమె మరో గర్భిణి ఇంటి తలుపు తట్టాలి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశాలను సత్కరించినప్పుడు దేశం గర్వించింది. సత్కారంతో వారి గుండెబరువు దిగలేదు.

వైద్యుల పరిస్థితీ అంతే. రెసిడెంట్ డాక్టర్ల పని సాధారణంగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని 1992లోనే కేంద్రం ఆదేశించింది. మూడు దశాబ్దాల తర్వాత, 2024లో, జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం వారానికి 74 గంటలకు మించవద్దని వేడుకోవాల్సి వచ్చింది. నియమం ఎంత నీరుగారిందో చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు. నిద్రలేని మనిషికి ఓర్పు నేర్పే ఉపన్యాసాలు దండగ. ఒక పూట యోగా తరగతి పెట్టి, ఒత్తిడిని జయించమని పోస్టరు అంటించి చేతులు దులుపుకోవడం ఇకనైనా మానాలి. సరిపడా నర్సులు, లెక్కప్రకారం డ్యూటీలు, కష్టమైన మరణం తర్వాత కాస్త విరామం, వెనకేసుకొచ్చే పైఅధికారి ఉన్నచోటే సిబ్బంది నిలబడతారు.

ప్రపంచం ఈ పాఠం నేర్చి చాలాకాలమైంది. సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ రోగి పోయాక కుటుంబాన్ని చూసుకోవడమూ వైద్యంలో భాగమేనని చేసి చూపింది. బ్రిటన్‌లో 2004 నాటి మార్గదర్శకాలు ఈ సాయాన్ని మూడు మెట్లుగా విడదీశాయి. అందరికీ సమాచారం, దగ్గరివాళ్ల తోడు. కొందరికి శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలు. కొద్దిమందికి నిపుణుల చికిత్స. అమెరికాలో కెన్నెత్ స్క్వార్ట్జ్ అనే న్యాయవాది 1995లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణిస్తూ నెలకొల్పిన సంస్థ పేరుతో స్క్వార్ట్జ్ రౌండ్స్ మొదలయ్యాయి. డాక్టరు నుంచి అటెండరు దాకా ఒకచోట చేరి, ఫలానా రోగి విషయంలో తమ మనసు ఏమైందో చెప్పుకునే సమావేశాలవి. చెప్పుకోవడం ఇష్టపూర్వకంగా జరగాలి. ఘోరం జరిగిన వెంటనే అందరినీ బలవంతంగా కూర్చోబెట్టి చెప్పించడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థే హెచ్చరించింది. మన దక్షిణాదిలోనే కేరళ 2008లో, నయంకాని రోగుల బాధ తగ్గించే ఉపశమన వైద్యానికి విధానం ప్రకటించింది. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పీస్ 2011 నుంచి చివరి దశ రోగులకు ఉచితంగా సేవ చేస్తోంది. కేంద్రం 2012లో ఉపశమన వైద్యానికి జాతీయ కార్యక్రమం పెట్టింది. దారి తెలియకపోవడం వల్ల ఆగిన పని కాదిది.

ఈ గడ్డకైతే దారి వెతుక్కోవాల్సిన పనే లేదు. 1912లో పుంగనూరులో మొదలై 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరానికి తరలిన క్షయ చికిత్సాలయం మందులేని కాలంలో పుట్టింది. క్షయను నయం చేసే స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా మూడు దశాబ్దాలుంది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ నాయకత్వంలో అక్కడ ఇచ్చిన వైద్యం ప్రధానంగా విశ్రాంతి, మంచిగాలి, పుష్టికరమైన తిండి, నెలల తరబడి మనిషి తోడు. నయం చేయలేని చోట కూడా వైద్యుడు చేయవలసింది ఉంటుందని వందేళ్ల కిందట నమ్మి నడిచిన నేల ఇది. స్కానింగులు, వెంటిలేటర్లు వచ్చాక ఆ నమ్మకాన్ని పోగొట్టుకోవడం ప్రగతి కాదు.

రాష్ట్ర ప్రభుత్వం చేయాల్సినవి అసాధ్యమైనవి కావు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రభుత్వ ఆసుపత్రులు మూడింటిలోనూ చావు కబురు చెప్పడానికి తలుపున్న ఒక గది కేటాయించాలి. స్థానిక భాషలు వచ్చిన శిక్షితులను రేయింబవళ్లు అందుబాటులో ఉంచాలి. శవాన్ని ఇంటికి చేర్చే ఉచిత వాహనం ఉందని మార్చురీ గోడమీద ఫోను నంబరుతో సహా రాసి, దళారులను ఆవరణలోకి రానివ్వకూడదు. దినాలు అయ్యాక ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి కుటుంబాన్ని పలకరించాలి. కుప్పంలో 2025లో టాటా సంస్థలతో కలిసి డిజిటల్ నర్వ్ సెంటర్ ప్రారంభించారు. బతికున్న రోగిని వెంట ఉండి చూసుకునే ఆ వ్యవస్థకే రోగి పోయాక అతని ఇంటిని పలకరించే పని కూడా అప్పగించాలి. దుఃఖం ముదిరినవారిని ఫోనులో మానసిక సాయం అందించే 14416 టెలి మానస్‌కు, అవసరమైతే మానసిక వైద్యుడికి చేర్చే బాధ్యత ఆరోగ్య కేంద్రానిది కావాలి. నెలకోసారి సిబ్బంది సమావేశం డ్యూటీ వేళల్లోనే జరగాలి. అక్కడ చెప్పిన మాట ఏ మెమోకూ ఆధారం కాకూడదు. ఈ హక్కులు రెగ్యులర్, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ తేడా లేకుండా నర్సులకు, ఆశాలకు, 108 సిబ్బందికి, మార్చురీ కార్మికులకు అందాలి. మదనపల్లె వైద్య కళాశాలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యానికి ఇస్తామంటున్న సర్కారు, నడిపేది ఎవరైనా ఈ బాధ్యతలను ఒప్పందంలోనే షరతులుగా రాయాలి.

డబ్బు లేదన్న సాకు చెల్లదు. ఒక గది, కొద్దిమంది శిక్షితులు, రెండు ఫోన్ కాల్స్ ఖజానాను కుంగదీయవు. ఆదరణ కరువై పెరిగే దాడులకూ, విసిగి ఉద్యోగం వదిలే నర్సులకూ అయ్యే ఖర్చే ఎక్కువ. కుప్పం ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం. మొదలుపెట్టడానికి అంతకన్నా తగిన చోటు లేదు.

రోగిని బతికించలేకపోవడం ప్రతిసారీ వైద్యుడి తప్పు కాదు. ఆ తర్వాత కుటుంబాన్నీ, సిబ్బందినీ వారి ఖర్మానికి వదిలేయడం మాత్రం కచ్చితంగా పాలకుల తప్పే. ఉత్తర్వు వెలువడాలి, వచ్చే బడ్జెట్‌లో నిధులు చూపాలి, ఈ పనికి జవాబుదారీ అయిన అధికారి పేరు ప్రతి ఆసుపత్రి గోడమీదా కనబడాలి.