ఆవిరి చేసిన తప్పు ఇల్లాలి మీదికా?

ఇండక్షన్ స్టవ్ పని చేయడం లేదని రిపేరుకి తీసుకెళితే మెకానిక్ సాధారణంగా అనే మాట "లోపలికి నీళ్ళు పోయాయమ్మా" అని. గ్యారంటీ ఉన్నా ఆ ఒక్కమాటతో అది చెల్లకుండా పోతుంది. ఇంటికొస్తే "జాగ్రత్తగా వాడుకోవడం రాదు" అనే సాధింపు. ఇది నాకు అన్యాయం అనిపిస్తుంది. ఎందుకంటే చాలాసార్లు లోపలికి చేరేది మనం ఒలకబోసిన నీళ్ళు కావు, ఆవిరి!

గ్లాసుడు నీళ్ళు ఆవిరైతే దాదాపు 1,600 గ్లాసుల చోటు ఆక్రమిస్తాయి. ఆ ఆవిరి చల్లగా ఉన్న దేన్ని తాకినా మళ్ళీ నీటిబొట్లయి కూర్చుంటుంది. గోడమీదైతే తుడిచేస్తాం. కానీ ఇండక్షన్ స్టవ్ లోపల ఓ చిన్న ఫ్యాను ఉంటుంది. సర్క్యూట్ బోర్డు వేడెక్కకుండా అది బయటిగాలిని పీలుస్తుంది. పక్కనే ఇడ్లీపాత్ర ఉడుకుతుంటేనో, కుక్కరు విజిల్ వేస్తుంటేనో గాలితోపాటు ఆవిరినీ పీల్చేస్తుంది. ఉత్త ఆవిరినీరు కరెంటును అంతగా మోయదు. లోపల పేరుకున్న దుమ్ము, తాలింపు జిడ్డు, ఉప్పు దానికి తోడైతే మాత్రం ముప్పే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పుగాలి ఉండనే ఉంది.

దీనికి చాలా ఇళ్ళలో కనిపించే విరుగుడు ప్లాస్టిక్ కవరు. పని కాగానే మిక్సీకీ, స్టవ్‌కీ వేడిమీదే తొడిగేస్తారు. లోపలి చెమ్మ బయటికెలా పోతుంది? పూర్తిగా చల్లారాక, పొడిగుడ్డతో తుడిచాక అప్పుడు కప్పాలి.

విదేశాల్లో ఉన్న మన పిల్లల వంటిళ్ళలో 'సూ వీడ్' అనే కొత్తరకం వంట కనిపిస్తోంది. 1970లలో ఫ్రాన్సు రెస్టారెంట్లలో పేరు తెచ్చుకున్న పద్ధతి ఇది. మాంసమో చేపో సంచిలో పెట్టి, గాలి తీసేసి, 60 డిగ్రీల దగ్గర వేడి నిలిపిన నీళ్ళలో గంటలకొద్దీ ఉంచుతారు. నీళ్ళను వేడిచేసే కడ్డీ గిన్నెలో మునిగి ఉంటే, దాని మీటలూ ఎలక్ట్రానిక్ భాగాలూ సరిగ్గా ఆవిరికి ఎదురుగా పైన ఉంటాయి. మరి కాపాడుకునేదెలా? కడ్డీ పట్టేంత సందు వదిలి గిన్నెకే మూత పెడతారు. నీళ్ళూ తరగవు, ఆవిరీ పైకి రాదు. మనమూ అంతే... ముందు ఆవిరి పుట్టేచోట మూత పెట్టాలి. కుక్కరు ఒకవైపు ఉంటే మిక్సీ, స్టవ్ రెండోవైపు ఉండాలి. ఇండక్షన్ స్టవ్‌ని గోడకి ఆనించకూడదు, గాలి ఆడే చోటు వదలాలి. రైస్ కుక్కర్‌ని చెక్క అలమార కింద పెట్టకూడదు.

అయితే ఇవన్నీ చేద్దామన్నా చోటేదీ? ప్లగ్ పాయింటేమో సరిగ్గా పొయ్యి నెత్తిన ఉంటుంది! హాల్లో ఫాల్స్ సీలింగ్‌కి వేలు పోసేవాళ్ళకి వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను మాత్రం "తర్వాత చూద్దాంలే". ఫ్యాను పొయ్యికి దగ్గరగా పైన ఉండి, ఎదురువైపు నుంచి గాలి లోపలికి వచ్చే దారి ఉంటేనే ఆవిరి బయటికి పోతుంది. ఈ సంగతి ఇల్లు గీసేవాళ్ళకి తెలియదా? తెలుసు. రోజూ అక్కడ నిలబడేది వాళ్ళు కాదు, అంతే.

యంత్రం పోతే డబ్బుతో పోతుంది. చెమ్మపట్టిన స్విచ్చి మీద తడిచెయ్యి పడితే పోయేది ప్రాణం. కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగు తప్పనిసరి. మీటరు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి. కరెంటు దారితప్పి లీకైతే రెప్పపాటులో సరఫరా ఆపేసేది అదే. దాని టెస్ట్ బటన్ అప్పుడప్పుడూ నొక్కి చూడాలి.

కొత్త ఇల్లు కట్టినా, ఫ్లాటు కొన్నా గుమ్మం ఎటువైపు ఉందో పదిసార్లు చూస్తాం. పొయ్యి ఎక్కడ, ప్లగ్గు ఎక్కడ, ఆవిరి పోయే దారి ఎక్కడ అని కూడా గట్టిగా అడుగుదాం. అడ్వాన్సు ఇవ్వకముందే అడుగుదాం.