మొదటి భాగపు గడిలో ఏమి వ్రాసితిరి?

ప్రతి సంవత్సరము మే మాసమున పన్నెండవ తరగతి ఫలితములు వెలువడును. ఆ దినము మొదలు మన యిండ్లలో ఒకటే మాట: ఏ కళాశాలలో చోటు దొరకునని. చోటు దొరకుటతో తల్లిదండ్రుల చింత తీరును. ఆ చోటనుండి పిల్లవాడు మూడేండ్లు ఏమి చదువవలెను, ఏయే పత్రములందు కృతార్థుడైనగాని పట్టము చేతికి రాదు, దరఖాస్తులో ఏ గడి నింపిన ఏమి ఫలించును అను సంగతులను అడుగువారు లేరు, పిలిచి చెప్పువారును లేరు. ఈ నిర్లక్ష్యమునకు కళాశాలలు, మన కుటుంబములు, మన సంఘములు అందఱును బాధ్యులే యని మేము నిష్ఠురముగనే చెప్పదలచినాము.

తమిళనాట ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో బి.ఏ., బి.ఎస్‌సి. చదువు సాధారణముగ అయిదు భాగములుగ నుండును. మొదటి భాగము భాష: తమిళము గాని, ఆ కళాశాల బోధించు మఱియొక భాష గాని. రెండవది ఇంగ్లీషు. మూడవది విద్యార్థి యెన్నుకొనిన ప్రధాన విషయము, దాని అనుబంధ విషయములు. నాలుగవ భాగమున పర్యావరణము, విలువల విద్య వంటి చిన్న పత్రములు చేరును. అయిదవది ఎన్.ఎస్.ఎస్., ఎన్.సి.సి., క్రీడలు మొదలగునవి. ఆఱు సెమిస్టర్లలో కనీసము 140 క్రెడిట్లు కూడినగాని పట్టము లేదు. మూడవ భాగమున ఎంతటి ప్రథముడైనను, నాలుగవ భాగమున ఒక్క పత్రము మిగిలియున్న యెడల పట్టము రాదు.

ఇదంతయు నియమావళిలో అచ్చయియే యున్నది. చదువువారేరి? కళాశాలలలో ప్రతి అధ్యాపకునికి ఇందఱు విద్యార్థులని పంచి, వారికి సలహా చెప్పినట్లు పట్టిక వ్రాసియుంచి, న్యాక్ బృందము వచ్చిన దినమున చూపుట నేటి ఆచారము. కొన్ని చోట్ల ఆ పట్టికలో సంతకములకు కొదువ లేదు, కొదువ యెల్ల సలహాకే. పదునేడేండ్ల బాలుడు, అందులోను కాలేజీ గడప తొక్కిన మొదటి తరము వాడు, గుమాస్తా కిటికీ ముందు అర నిమిషములో నిర్ణయించుకొన్నదే మూడేండ్ల చదువగుచున్నది.

ఆ అర నిమిషములో మనకు ముఖ్యమైనది మొదటి భాగపు గడి. “హిందీయా, ఫ్రెంచియా?” అని కిటికీలోనుండి ప్రశ్న వచ్చును. తెలుగు కలదా యని మనవాడు అడుగడు. ప్రక్కన నిలిచిన తండ్రియు అడుగడు. ఉగాదినాడు సభలో ముందు వరుసను కూర్చుండి భాషాభిమానమును గూర్చి చప్పట్లు కొట్టిన పెద్దమనిషియే, జూన్ మాసమున కొడుకుచేత ఫ్రెంచి అని వ్రాయించుచున్నాడు. కారణమేమన, ఫ్రెంచిలో మార్కులు సులభముగ వచ్చునట!

ఈ మార్కుల మాట కొంత పరిశీలింపదగినది. మద్రాసు విశ్వవిద్యాలయపు పద్ధతిలో భాషా భాగములకును, ప్రధాన విషయముల భాగమునకును శ్రేణి వేఱువేఱుగ నిర్ణయింతురు. ఎం.ఏ. ప్రవేశములకు తఱచుగ లెక్కించునది మూడవ భాగపు మార్కులను. అట్లయిన భాషలో ఎగబ్రాకి తెచ్చుకొన్న పది మార్కులు ఏ లెక్కలో చేరి పిల్లవానిని తరింపజేయునో మాకు బోధపడలేదు. రెండు సెమిస్టర్లో నాలుగు సెమిస్టర్లో ఫ్రెంచి పాఠములు వల్లించి, పరీక్ష మఱునాడే మఱచి, ఇంట తాతగారి యుత్తరమును చదువజాలని పట్టభద్రుల సంఖ్యను మాత్రము పెంచుకొనుచున్నాము.

తెలుగు వ్రాయుట రాని పిల్లలు తెలుగెట్లు తీసికొందురని కొందఱు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్నయే. 2006 లో తమిళనాట చేసిన చట్టము వలన తమిళము ఒకటవ తరగతి మొదలుకొని యేటేట పైకి ప్రాకి, 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. ఆ వరుసలో పెరిగిన మన పిల్లలకు ఇంటిలో వినుటయే గాని బడిలో తెలుగు లేదు. అట్టివారు తమిళమునే మొదటి భాగముగ తీసికొందురేని మేము తప్పు పట్టము. తరతరములుగ తమిళనాట బ్రతుకుచున్న మనకు తమిళము పరాయిది కాదు. మా కోపము తెలుగు వచ్చియు, కళాశాలలో తెలుగుండియు, ఎవరును చెప్పనందున వదలుకొనుచున్నవారిని గూర్చి. వారికంటె మిక్కిలిగ, చెప్పవలసియుండి చెప్పనివారిని గూర్చి.

చెప్పవలసినది మఱియొకటి కలదు. మొదటి భాగమున తమిళము కాక వేఱు భాష తీసికొన్నవారు తమిళమునుండి పూర్తిగ విముక్తులమని తలచుదురు. అది పొరపాటు. మద్రాసు విశ్వవిద్యాలయపు నియమముల ప్రకారము, పన్నెండవ తరగతి వఱకు తమిళము చదువనివారు నాలుగవ భాగమున ప్రాథమిక తమిళము రెండు పత్రములు వ్రాయవలెను. చదివియుండి వేఱు భాష నెన్నుకొన్నవారు ఉన్నత తమిళము రెండు పత్రములు వ్రాయవలెను. ఈ పత్రములు కష్టమైనవి కావు. ప్రాథమిక తమిళమైతే చిన్న తరగతుల స్థాయిదే. కాని వాటిని చిన్నచూపు చూచి, తరగతికి పోక, అరియరు పెట్టుకొని, ఆఱవ సెమిస్టరు ముగిసిన పిదప తల పట్టుకొన్నవారిని మేమెఱుగుదుము. ఇది తెలివిలేమి వలన వచ్చిన చేటు కాదు. మొదటి వారమున ఒక పెద్ద ప్రక్కన కూర్చుండి పది నిమిషములు చెప్పియుండిన రాకపోయెడిది.

కర్ణాటకములోని మనవారి యవస్థ ఇంకొక విధము. అచ్చట 2021-22 లో జాతీయ విద్యావిధానము ననుసరించి నాలుగేండ్ల ఆనర్సు చదువు ప్రవేశపెట్టిరి. ఆ యేటనే డిగ్రీ విద్యార్థులందఱకు కన్నడము తప్పనిసరి యని ఉత్తరువు వెలువడగా, నిర్బంధింపరాదని హైకోర్టు డిసెంబరులో మధ్యంతరముగ ఆదేశించెను. 2024-25 లో మరల మూడేండ్ల పద్ధతికి మరలిరి. అనగా కోలారులోనో బెంగుళూరులోనో ఒకే యింట అక్కకు ఒక నియమావళి, తమ్మునికి మఱియొక నియమావళి! అక్క చెప్పిన సలహా తమ్మునికి పనికిరాదు. చేరిన సంవత్సరపు నియమావళినే చూడవలెనను చిన్న సూత్రము తెలియక ఎందఱు తికమకపడిరో! యానామువారికి ఈ చిక్కు తక్కువ. పాండిచ్చేరి విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన కళాశాల ఊరిలోనే యున్నది, చుట్టును తెలుగే. వారి అదృష్టమునకు మేము అసూయపడము.

కళాశాలలవారిని గద్దించుట సులభము. “అడుగువారు లేరు గనుక తెలుగు ఎత్తివేసితిమి” అని వారు చెప్పు సమాధానము కఠినమైనను అసత్యము కాదు. మొదటి భాగమున తెలుగు తీసికొనువారు తగ్గిన, అధ్యాపకుడు పదవి విరమించిన పిదప ఆ యుద్యోగము నిండదు. అధ్యాపకుడు లేనిచోట బి.ఏ. తెలుగు ఉండదు. బి.ఏ. తెలుగు చదివినవారు లేనిచో హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందలి తెలుగు బడులకు పంతుళ్లు ఎక్కడనుండి వత్తురు? పంతుళ్లు లేని బడినుండి తెలుగు వచ్చిన విద్యార్థి కళాశాలకు రాడు. బాలవ్యాకరణకర్త చిన్నయసూరి ప్రెసిడెన్సీ కళాశాలలోను, వేదము వేంకటరాయశాస్త్రి క్రైస్తవ కళాశాలలోను పండితులై యుండిన పట్టణమిది.

రాజ్యాంగము మనలను కాపాడునని కొందఱి ధీమా. 1956 లో ఏడవ సవరణచే చేరిన 350-ఎ అధికరణము మాతృభాషా బోధనను గూర్చి చెప్పునది ప్రాథమిక దశకు మాత్రమే. కళాశాలలో తెలుగు నిలుపుడని ప్రభుత్వమును ఆ యధికరణముతో నిలదీయుటకు వీలులేదు. అచ్చట మనకున్న బలమెల్ల దరఖాస్తులో తెలుగని వ్రాసినవారి సంఖ్య మాత్రమే.

కావున సంఘముల పెద్దలను మేము కోరునది స్పష్టము. వార్షికోత్సవపు పందిరికగు వ్యయములో కొంత తగ్గించి, ప్రవేశముల దినములలో సంఘ భవనమున ఒక బల్ల వేయుడు. దాని వెనుక పదవి విరమించిన ఒక అధ్యాపకుని, మూడవ యేడు చదువుచున్న ఒక విద్యార్థిని కూర్చుండబెట్టుడు. ఇద్దఱును ఉండవలెను. అధ్యాపకునికి నియమము తెలియును, విద్యార్థికి ఆ నియమము ఎక్కడ కాలికి తగులునో తెలియును. ఊరిలో ఏ కళాశాలలో తెలుగున్నదో, ఎందఱు అడిగిన తరగతి నడుపుదురో ముందుగ విచారించి వ్రాసి పెట్టుడు. తెలుగు కోరు విద్యార్థుల పేర్లను చేర్చి ప్రవేశములు ముగియకమునుపే ప్రిన్సిపాలునకు విజ్ఞాపన నిండు. ముగిసిన పిదప ఇచ్చు విజ్ఞాపన దస్త్రములో నిద్రించును.

పాఠక కుటుంబములకు ఒక విన్నపము. ఈ యేడు మీ యింటినుండి కళాశాలలో చేరిన బిడ్డ ఏ కళాశాలలో చేరినది, మొదటి భాగపు గడిలో ఏ భాష వ్రాసినది, ఏ కారణముచే వ్రాసినది అను మూడు సంగతులను ఒక కార్డుపై వ్రాసి పత్రిక కార్యాలయమునకు పంపుడు. మూడవ సంగతిని దాపరికము లేక వ్రాయుడు. పేర్లు ప్రకటింపము.