డ్యూటీ రోస్టర్‌కూ కులం ఉంటుంది

పీజీ మొదటి ఏడాదిలో ఒక మధ్యాహ్నం షుగర్ పేషెంట్ కేస్ షీట్‌లో ఇన్సులిన్ 6 యూనిట్లకు బదులు 60 యూనిట్లని రాశాను. ముందురోజు ఉదయం ఎనిమిదికి డ్యూటీ ఎక్కాను. అది 30వ గంట. సీనియర్ సిస్టర్ ఒకరు షీట్ పట్టుకొచ్చి, "డాక్టర్ గారూ, ఇది ఆరా, అరవయ్యా?" అని అడగబట్టి ఆ అంకె పేషెంట్ ఒంట్లోకి చేరలేదు.

మర్నాడు రౌండ్స్‌లో ఆ షీట్ అందరి ముందుకూ వచ్చింది. ప్రొఫెసర్ నన్ను అడిగింది ఒక్కటే: "నీది ఏ కేటగిరీ సీటు?"

అంతకు రెండు వారాల ముందు మా యూనిట్‌లోనే ఇంకో పీజీ ఒక పేషెంట్ రక్తాన్ని మరొకరి పేరుతో బ్లడ్ బ్యాంకుకు పంపాడు. అదీ సమయానికి దొరికింది. అతనితో అదే ప్రొఫెసర్, "రెండు రోజులుగా నిద్ర లేదు కదరా, వెళ్లి పడుకో" అన్నారు. ఆ మాటలో తప్పు లేదు, డాక్టర్ అనాల్సిన మాటే అది. నా విషయంలో అది ఆయనకు ఎందుకు తట్టలేదన్నదే నా ప్రశ్న. అలసట ఇద్దరికీ ఒకటే. అతని తప్పుకు కారణం నిద్రలేమి. నా తప్పుకు కారణం రిజర్వేషన్.

నిద్రలేమి ఏం చేస్తుందో తెలియక ఇలా జరగడం లేదు. 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి, 24 గంటలకు దాదాపు 0.10 శాతం స్థాయికి పడిపోతుందని డాసన్, రీడ్ 1997లోనే చూపారు. మన మోటారు వాహనాల చట్టం 0.03 శాతం దాటితే బండి నడపనివ్వదు. అమెరికాలో ఇంటర్న్‌లపై జరిగిన అధ్యయనం 2004లో వెలువడింది. 24 గంటలు, అంతకు మించిన డ్యూటీలున్న పాత పద్ధతిలో తీవ్రమైన వైద్య తప్పిదాలు 36 శాతం ఎక్కువని అది తేల్చింది. స్కూటీ నడపడానికి పనికిరాని స్థితిలో ఉన్న మనిషి చేత మనం ఐసీయూ నడిపిస్తున్నాం.

నియమం లేదా అంటే, ఉంది. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ స్కీమ్ ప్రకారం జూనియర్ రెసిడెంట్లు మామూలుగా వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలు మించి పని చేయకూడదు. అయితే పని భారాన్ని బట్టి సూపరింటెండెంట్ మార్చుకోవచ్చన్న వెసులుబాటు కూడా అందులోనే ఉంది. ఆ సందులోంచే 36 గంటల డ్యూటీ లోపలికి వచ్చింది. జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నిబంధనల్లో అంకె కూడా లేదు, 'సహేతుకమైన పని గంటలు' అనే మాటే ఉంది. ఏది సహేతుకమో తేల్చేది రోస్టర్ వేసేవాళ్లు.

2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో సుదీర్ఘ డ్యూటీ మధ్య సెమినార్ హాల్‌లో విశ్రాంతి తీసుకుంటున్న ట్రైనీ డాక్టర్ అత్యాచారానికి, హత్యకు గురైంది. ఆ విచారణలో సుప్రీంకోర్టు 36 గంటల డ్యూటీలపై ఆందోళన వ్యక్తం చేసింది. అదే నెలలో కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించవద్దని సిఫారసు చేసింది. వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్న బాబాసాహెబ్ అంబేద్కర్ 1946లో ప్రవేశపెట్టిన సవరణ బిల్లుతో ఫ్యాక్టరీ కార్మికుల పని వారం 54 గంటల నుంచి 48కి తగ్గింది. దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత మనం డాక్టర్ల కోసం 74 అడుగుతున్నాం, అదీ సిఫారసుగానే. గంటల సంగతి ఎత్తితే మేం 'విద్యార్థులం'. పని చేయించుకునేటప్పుడు మాత్రం ఉద్యోగులం.

"గంటలు తగ్గిస్తే పని ఎలా నేర్చుకుంటారు?" అని సీనియర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఏ గంటల గురించి? నా 30 గంటల్లో సగం ట్రాలీ తోయడానికి, శాంపిల్స్ ల్యాబ్‌కు మోయడానికి, సీటీ స్కాన్ దగ్గర నిలబడడానికి పోయాయి. ఖాళీగా ఉన్న వార్డు బాయ్ పోస్టులను పీజీల నిద్రతో నింపుతున్నారు. ఆ చాకిరీ కూడా అందరికీ సమానంగా రాదు. ఎదురు చెప్పలేనివాళ్లకు ట్రాలీ, ఇంటిపేరు ఉన్నవాళ్లకు థియేటర్. 2019లో ముంబైలో ప్రాణాలు తీసుకున్న ఆదివాసీ గైనిక్ పీజీ డాక్టర్ పాయల్ తడ్విని సీనియర్లు కులం పేరుతో వేధించారని, పని నేర్చుకునే అవకాశాలకు దూరం పెట్టారని ఆమె కుటుంబం ఆరోపించింది. ఆమె పేరు తలచుకోకుండా ఈ దేశంలో 'ట్రైనింగ్' గురించి మాట్లాడలేం.

ఇదంతా ఇతరుల తప్పుగా చెప్పి ఊరుకుంటే అబద్ధమవుతుంది. ఇప్పుడు నేను అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. మా యూనిట్ రోస్టర్ మీద సంతకం నాదే. నిరుడు ఒక సాయంత్రం మూడు నెలల రోస్టర్లు ముందేసుకుని లెక్కపెట్టాను. అందరికంటే ఎక్కువ నైట్ డ్యూటీలు పడ్డది తండా నుంచి వచ్చిన, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన కుర్రాడికి. నేను కులం చూసి వేయలేదు. "ఇతను కాదనడు" అనుకుని వేశాను. కాదనలేని స్థితి అతనికి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియాలి, నేనూ అక్కడి నుంచే వచ్చాను కనుక. ఎవరికీ దురుద్దేశం లేకుండానే రోస్టర్‌లోకి కులం ఎలా దిగుతుందో ఆ రోజు నా సంతకం కిందే చూశాను.

అందుకే నేను మంచి ప్రొఫెసర్లను అడగడం లేదు, లెక్క అడుగుతున్నాను. ప్రతి విభాగం రోస్టర్‌నూ, నిజంగా పని చేసిన గంటలనూ నెలనెలా బహిరంగంగా పెట్టాలి. ఎస్సీ, ఎస్టీ సెల్‌కు వాటిని తనిఖీ చేసే అధికారం ఉండాలి. నైట్ డ్యూటీ తర్వాత సెలవు ఎవరి దయతోనూ పని లేని హక్కు కావాలి. వార్డు బాయ్, నర్సు పోస్టులు భర్తీ చేయాలి. విద్యార్థి సంఘాలు స్కాలర్‌షిప్‌ల కోసం, హాస్టళ్ల కోసం పోరాడినట్టే నిద్ర కోసం కూడా పోరాడాలి.

ఇంకొకటి, ఖర్చు లేనిది. ఆసుపత్రిలో తప్పు జరిగినప్పుడు నింపే ప్రతి కాగితంలో మొదటి ప్రశ్నగా ఇది ఉండాలి: మీరు ఎన్ని గంటలుగా మేల్కొని ఉన్నారు? మా యూనిట్‌లో ఆ ప్రశ్న చేర్చాను. ఆ రోజు రౌండ్స్‌లో నన్ను అడగాల్సింది అదే.